చిన్నపిల్లలకు అంతరిక్షం: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో 3 నుంచి 5 ఏళ్ల పిల్లలతో 11 ఏళ్లుగా పని చేస్తున్నాను. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగినప్పటి నుంచి మా దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు "మా వాడికి స్పేస్ గురించి చెప్పండి టీచర్" అని అడగడం బాగా పెరిగింది, అది నాకు చాలా సంతోషం. కానీ దాంతో పాటు కొన్ని అపోహలు కూడా బడికి వస్తున్నాయి.

అపోహ: గ్రహాల పేర్లు వరసగా అప్పజెప్తే అంతరిక్షం వచ్చేసినట్టే.

వాస్తవం: పేర్లు నోటికి వచ్చాయి, అంతే. మా క్లాసులో ఒక బాబు ఎనిమిదీ గడగడా చెప్పేవాడు, పొద్దున ప్రార్థన వేళ ఆకాశంలో తెల్లగా చందమామ కనబడితే మాత్రం "అది మబ్బు" అన్నాడు. చందమామ రాత్రే వస్తుందని ఎవరో చెప్పారు, వాడు ఎప్పుడూ తల ఎత్తి చూడలేదు. పౌర్ణమి దాటిన నాలుగైదు రోజులకు, బడికి వచ్చే దారిలో పడమటి వైపు చూపించండి, పేర్లు తర్వాత చూసుకోవచ్చు.

ఇంకోటి, ఇంట్లో నవగ్రహాలు, బడిలో ఎనిమిది. ఒక పాప "గుళ్లె సూర్యుడు గూడ గ్రహమేనట, మా అవ్వ చెప్పింది" అంది. అవ్వ తప్పు చెప్పలేదు. గుడి లెక్కలో సూర్యుడు, చంద్రుడు, రాహుకేతువులు ఉన్నారు, సూర్యుడి చుట్టూ తిరిగే గ్రహాల లెక్క వేరు, 2006లో ప్లూటోను పక్కన పెట్టాక అవి 8. పిల్లకు "అది గుడి లెక్క, ఇది ఆకాశం లెక్క" అంటే సరిపోతుంది, అవ్వ మాట అబద్ధమని మాత్రం అనకండి.

అపోహ: వేల రూపాయల కిట్లు, టెలిస్కోపు లేకుండా కుదరదు.

వాస్తవం: నా దగ్గర అన్నింటికన్నా బాగా పని చేసేది ఒక పాత టబ్బు. అందులో రెండంగుళాల మందం బియ్యప్పిండి పోసి, పైన పల్చగా రాగిపిండి చల్లండి. నిమ్మకాయంత రాయి ఒకటి, బత్తాయంత రాయి ఒకటి. పిల్లలు ముందు ఏది పెద్ద గుంత చేస్తుందో చెప్పాలి, తర్వాత వదలాలి, ఒకసారి మోకాలు ఎత్తు నుంచి, ఒకసారి తల ఎత్తు నుంచి. రాయి కన్నా గుంత వెడల్పుగా ఉండటం చూసి వాళ్లు ఆగిపోతారు, మళ్లీ మళ్లీ వేస్తారు, కింది తెల్లపిండి గీతలు గీతలుగా చిమ్మడం వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. పౌర్ణమి నాడు మామూలు బైనాక్యులర్‌తో చూసినా చంద్రుడి దక్షిణ భాగంలో టైకో అనే గుంత చుట్టూ అలాంటి గీతలే కనబడతాయి. పక్కనే మహారాష్ట్రలో ఉన్న లోనార్ సరస్సు కూడా ఆకాశం నుంచి పడ్డ రాయి చేసిన గుంతే.

ముగ్గుపిండి చవక కదా అని వాడకండి, కళ్లలో పడితే మంట, దుమ్ము ముక్కులోకి పోతుంది. గోలీలు కూడా వద్దు, నోట్లో పెట్టుకుంటారు.

దూరం చూపించాలంటే జానెడు వెడల్పు గుమ్మడికాయ భూమి, చిన్న బత్తాయి చందమామ. ఎంత దూరంలో పెట్టాలో అడిగితే పెద్దవాళ్లు కూడా పక్కపక్కనే పెడతారు. అసలు దూరం 30 గుమ్మడికాయలు వరసగా పేర్చినంత, అంటే ఆరున్నర మీటర్లు. పిల్లలను ఆ దూరం అడుగులు లెక్కపెడుతూ నడిపించండి.

అపోహ: భూమి నీడ పడి చందమామ తగ్గుతుంది.

వాస్తవం: నీడ పడేది గ్రహణం నాడే. చంద్రుడి సగం మీద ఎప్పుడూ ఎండ ఉంటుంది, ఆ వెలుగులో మనకు కనబడే భాగమే రోజూ మారుతుంది. చీకటి గదిలో ఒక బల్బు వెలిగించి, పుల్లకు గుచ్చిన బంతిని పిల్ల తల కన్నా ఎత్తులో పట్టుకుని మెల్లగా తిరిగితే తెలిసిపోతుంది. కిందికి పట్టుకుంటే తల నీడే పడుతుంది, జాగ్రత్త.

మనకైతే దీనికి బతుకమ్మ కన్నా మంచి సమయం లేదు. ఎంగిలి పూల నాడు అమావాస్య, చంద్రుడు ఉండడు. మూడో రోజుకు, మబ్బు లేకపోతే, పొద్దుగూకగానే పడమట సన్నటి గీత. అక్కడి నుంచి రోజూ కొంచెం లావై, సద్దుల నాటికి, అంటే అష్టమికి, సగం చందమామ దక్షిణం వైపు ఆకాశంలో పైకి వచ్చేస్తుంది. పిల్లలు చాట మీద సుద్దతో రోజుకో బొమ్మ గీస్తారు. అలిగిన బతుకమ్మ నాడు పూలు పేర్చకపోయినా బొమ్మ గీయడం మానొద్దు. పోయిన ఏడు ఒక పాప పద్మాక్షి గుట్ట దగ్గర ఆట మధ్యలో వాళ్లమ్మ కొంగు లాగి "సగం అయింది" అని చూపించిందట, ఆ తల్లి మర్నాడు ఫోన్ చేసి చెప్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అపోహ: చందమామలో కుందేలు అంటే సైన్స్ పాడవుతుంది.

వాస్తవం: పాడవదు. కుందేలు ఎక్కడుందో వెతికే పిల్లే నల్ల మచ్చలను గమనిస్తుంది. అవి ఒకప్పుడు కరిగిన రాయి పారి గట్టిపడ్డ మైదానాలని ఆరేళ్లకు చెప్పినా ఆలస్యం కాదు.

అపోహ: సూర్యుడి గురించి చెప్పాలంటే సూర్యుడిని చూపించాలి.

వాస్తవం: ఒక్క క్షణం కూడా వద్దు, చలువ కళ్లద్దాలు పెట్టినా, ఎక్స్‌రే ఫిల్మ్ అడ్డం పెట్టినా వద్దు. నీడ చాలు. ఆవరణలో ఒక పిల్లను నిలబెట్టి 9 గంటలకు, 12కు, 3కు సుద్దతో నీడ చుట్టూ గీయండి, ప్రతిసారీ పాదాలు అదే చోట. మే రెండో వారంలో బడి ఉండదు, ఇంట్లోనే మిట్టమధ్యాహ్నం చెంబు ఎండలో పెట్టి చూడండి, మన వరంగల్‌లో ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, చెంబు పక్కన నీడ కనబడదు. ఎక్కడికి పోయిందని పిల్లలు అడిగితే వెంటనే చెప్పేయకండి, గంట తర్వాత మళ్లీ తీసుకెళ్లి చూపించండి.