గుర్రపు బండి రేసుల్లో "రెండు నిమిషాల సంపాదన": అపోహలు - వాస్తవాలు

మొన్న ఖమ్మం నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. కొడుకు కెనడాలోని బ్రాంప్టన్‌లో గోడౌన్ ఉద్యోగం చేస్తాడట. స్నేహితులతో మోహాక్ పార్క్‌లో గుర్రపు బండి రేసులకు వెళ్లొచ్చినప్పటి నుంచి ఉద్యోగం మానేసి డ్రైవర్ అవుతానని పట్టుపట్టాడట. "రెండు నిమిషాలు బండి మీద కూర్చుంటే వేల డాలర్లంట, నిజమేనా సార్?" అని అడిగారు. గొంతులో ఆశ ఉంది, అంతకంటే ఎక్కువ భయం ఉంది.

పద్నాలుగేళ్లుగా ఒంటారియోలో, ఈ బండి రేసుల్లో పరిగెత్తే స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాల మధ్యే ఉన్నాను. ముందు గ్రూమ్‌ని, అంటే గుర్రాల ఆలనాపాలనా చూసేవాణ్ని, ఇప్పుడు ఏడు గుర్రాలున్న చిన్న ట్రైనర్‌ని. ఈ ప్రశ్న నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నాను.

అపోహ: గెలిచిన డ్రైవర్ పర్సు (రేసు బహుమతి సొమ్ము) జేబులో వేసుకుని పోతాడు.

బోర్డు మీద 10,000 డాలర్ల పర్సు అని పడిందనుకోండి. మామూలుగా అందులో సగం మొదటి గుర్రానికి, 25 శాతం రెండోదానికి, ఆ తర్వాత 12, 8, 5 శాతాలు. గుర్రానికి వచ్చినదాంట్లో డ్రైవర్‌కు 5 శాతం, ట్రైనర్‌కు 5 శాతం, మిగతాది ఓనర్‌ది. అంటే ఆ రేసు గెలిస్తే డ్రైవర్‌కు దక్కేది 250 డాలర్లు. అయిదో స్థానంలో వస్తే 25 డాలర్లు. ఆరు, ఆ కింద వచ్చినవాళ్లకు పర్సులో వాటా ఉండదు.

మరి పెద్ద డ్రైవర్లు బాగా సంపాదిస్తున్నారు కదా అంటారు. నిజమే. రాత్రికి ఎనిమిది, తొమ్మిది రేసులు తోలతారు, అదీ గెలిచే గుర్రాలను. ఆ గుర్రాలను వాళ్ల చేతికిచ్చేది ట్రైనర్లు. కొత్తవాడికి వచ్చేది వేరే ఎవరూ ఒప్పుకోని గుర్రం. జాన్ క్యాంప్‌బెల్ పేరు ఈ రంగంలో తెలియనివారు లేరు. ఈ ఒంటారియోలోని ఐల్సా క్రెయిగ్ అనే చిన్న ఊరివాడు. పదివేలకు పైగా రేసులు గెలిచాడు, హాంబుల్‌టోనియన్ అనే పెద్ద రేసును ఆరుసార్లు గెలిచాడు. ఆయన తోలిన గుర్రాలు సంపాదించిన పర్సులు 30 కోట్ల డాలర్లకు దగ్గర. కానీ ఆయన తండ్రి, తాత కూడా గుర్రాలవాళ్లే. పగ్గాలు పట్టేనాటికే ఆ ఇంట్లో రెండు తరాల అనుభవం ఉంది. 2022లో అమెరికాలోని మెడోలాండ్స్ ట్రాక్‌లో బుల్‌డాగ్ హానోవర్ అనే గుర్రం మైలును 1 నిమిషం 45.8 సెకన్లలో పరిగెత్తినప్పుడు బండి మీద ఉన్న డెక్స్టర్ డన్ న్యూజిలాండ్‌వాడు. అమెరికా వచ్చేముందు సొంత దేశంలో వరసగా పదిసార్లు ఛాంపియన్ అయ్యాడు. మనవాళ్లు వీడియోలో చూసే రెండు నిమిషాల వెనక ఇంత ఉంది.

డ్రైవర్ల సంగతి పక్కన పెడితే, ట్రైనర్ బతుకంతా ఉండేది పొద్దున్నే. నాలుగున్నరకు లేస్తాను. దాణా వేసి, స్టాళ్లలో పేడ ఎత్తి, ఆ తర్వాత ప్రతి గుర్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని కాలు తడిమి చూస్తాను. మోకాలి కింద నుంచి మడమ దాకా, అరచేతితో, నెమ్మదిగా. కాలు చల్లగా, బిగుతుగా ఉండాలి. పోయిన నవంబరులో నా దగ్గరున్న ఒక ఆడ గుర్రానికి ముందు ఎడమ కాలి వెనక టెండన్ (కండను ఎముకకు కలిపే తాడులాంటి భాగం) దగ్గర కాస్త వెచ్చగా తగిలింది. వాపు లేదు, కుంటడం లేదు. కుడికాలు, ఎడమకాలు మార్చి మార్చి నాలుగుసార్లు చూశాను. మర్నాడు రేసు ఉంది. స్క్రాచ్ చేయించాను, అంటే రేసు నుంచి తప్పించాను. ఓనర్‌కు కోపం వచ్చింది, నాకు ఆ వారం కమిషన్ పోయింది. స్కాన్ తీస్తే చిన్న చీలిక బయటపడింది. అయిదు నెలల విశ్రాంతి తర్వాత మళ్లీ పరిగెత్తింది. ఆ రోజు పంపి ఉంటే దాని పని అక్కడితో ముగిసేది.

డ్రైవర్ కావాలన్నా ఈ పనిలోంచే రావాలి. ఒంటారియోలో రేసులను నియంత్రించే ఏజీసీఓ అనే సంస్థ ఇచ్చే లైసెన్సు గ్రూమ్‌కు కూడా తప్పనిసరి. పొద్దున జాగింగ్ కార్టు మీద మైళ్లకు మైళ్లు తోలాలి, ఆ తర్వాత క్వాలిఫయర్లలో, అంటే అర్హత చూసే ట్రయల్ రేసుల్లో తోలాలి. క్వాలిఫయర్లకు పర్సే ఉండదు. అక్కడ మీ చేతులు ఎలా ఉన్నాయో జడ్జీలు చూస్తారు, ట్రైనర్లూ చూస్తారు. దీనికి ఏళ్లు పడుతుంది.

నల్గొండ అబ్బాయి ఒకతను ఇది తెలియకే దెబ్బతిన్నాడు. ఒక బార్న్ (గుర్రాల శాల) వాళ్లు "ఆరు నెలల్లో డ్రైవర్‌ని చేస్తాం" అని చెప్పి సగం జీతానికి పనిలో పెట్టుకున్నారు. ఆ మాట నమ్మి ఉన్న ఉద్యోగం మానేశాడు, అప్పు చేసి హెల్మెట్, డ్రెస్సు, సెకండ్ హ్యాండ్ రేస్ బైక్ (గుర్రానికి కట్టే రెండు చక్రాల బండి) కొన్నాడు. ఏడాది గడిచినా అతన్ని ఒక్క క్వాలిఫయర్‌కు కూడా పంపలేదు. నా దగ్గరకు వచ్చేసరికి అద్దె కట్టడానికి కూడా డబ్బు లేదు. తప్పు అతనిది కాదు. గుర్రాల దగ్గర అతని చేతులు చాలా మంచివి. ఇప్పుడు మంచి గ్రూమ్, పోయిన వేసవిలో మొదటి క్వాలిఫయర్ తోలాడు. కానీ ఆ అప్పు ఇంకా తీరలేదు. ఎవరైనా నెలల లెక్కన డ్రైవర్‌ని చేస్తామంటే నమ్మకండి. అలా ఎవరూ చెయ్యలేరు.

మిగతావి త్వరగా చెప్తాను.

డ్రైవర్ జాకీలా బక్కగా ఉండాలంటారు. అక్కర్లేదు. మలక్‌పేటలో చూసేది థరోబ్రెడ్ రేసులు, అక్కడ వీపు మీద బరువు లెక్క. ఇక్కడ బండి చక్రాల మీద పోతుంది. యాభై, అరవై ఏళ్లవాళ్లు కూడా తోలతారు.

ఈ రేసుల్లో గుర్రం దౌడు తీయకూడదు, ట్రాట్ లేదా పేస్ అనే నడకలోనే పరిగెత్తాలి. దౌడు అందుకుంటే వెంటనే డిస్‌క్వాలిఫై అంటారు. కాదు. ఖాళీ ఉంటే పక్కకు తీసి, వెనక్కి పట్టి, మళ్లీ నడకలోకి తేవాలి. ఆ దౌడుతో లాభపడకూడదు, అంతే.

గుర్రం కాళ్లకు వేసే హాబుల్స్ అంటే సంకెళ్లని మా చుట్టాలు కూడా బాధపడతారు. ఒకే పక్క కాళ్లు కలిసి కదిలే పేసర్‌కు ఆ లయ తప్పకుండా ఉండటానికి వేసే పట్టీలవి. కొలత సరిగా ఉంటే ఇబ్బంది లేదు, సరిగా లేకపోతే ఒరుసుకుంటుంది. ఆ కొలత చూడటం ట్రైనర్ పని.

డ్రైవర్ మారితే గుర్రంలో ఏదో లోపం ఉన్నట్టేనని వాట్సాప్‌లో తిప్పుతారు. ఒకే రేసులో రెండు బార్న్‌ల నుంచి పిలుపు వస్తే డ్రైవర్ ఒకదాన్నే తీసుకోగలడు. అంతకు మించి రహస్యం లేదు. ఫేవరెట్ ఓడితే "కావాలనే పగ్గాలు లాగేశాడు" అనేది ఇంకో పుకారు. బయటి లైన్‌లో చిక్కుకున్న గుర్రం ప్రతి మలుపులో ఎక్కువ దూరం పరిగెడుతుంది, ముందు అడ్డు లేకపోతే గాలి కూడా తనే కోసుకుంటూ పోవాలి. రీప్లే చూడండి, ఎక్కడ అలసిపోయిందో మీకే కనపడుతుంది. మోసం చేసినవాళ్లు ఈ రంగంలో లేరని నేను అనను. దొరికినప్పుడు లైసెన్సులు పోయాయి. టెస్టులో మందు బయటపడితే ఎవరు వేసినా ముందు జవాబు చెప్పాల్సింది ట్రైనరే. అందుకే నా దాణా గదికి తాళం ఉంటుంది, తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

ఫోన్ పెట్టేముందు ఆ పెద్దాయన "పడితే దెబ్బలు తగులుతాయా?" అని అడిగారు. తగులుతాయి, ఎముకలు విరుగుతాయి అని ఉన్నదున్నట్టు చెప్పాను. అబ్బాయికి ఉద్యోగం మానొద్దని చెప్పమన్నాను. శనివారాలు పొద్దున అయిదింటికి నా బార్న్‌కు రమ్మన్నాను. చలికాలం మొత్తం, బకెట్లలో నీళ్లు గడ్డకట్టే రోజుల్లో కూడా వస్తే, వేసవిలో పగ్గాలు చేతికిస్తానని చెప్పాను. నిన్న ఆ అబ్బాయే ఫోన్ చేశాడు. ఈ శనివారం వస్తున్నాడు. రబ్బరు బూట్లు తెచ్చుకోమన్నాను.