బడి వదిలాక యాక్టివిటీలు: అపోహలు – వాస్తవాలు

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు సాయంత్రం క్లబ్‌లు నడపడం నా పని. నాటకం, చెస్, సైన్స్, కోడింగ్ ఉంటాయి. పిల్లల్ని చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రుల్లో కొన్ని నమ్మకాలు బాగా పాతుకుపోయి ఉంటాయి. వాటివల్ల ఎక్కువ ఇబ్బంది పడేది పిల్లలే.

అపోహ: చెస్ నేర్పిస్తే లెక్కల్లో మార్కులు పెరుగుతాయి.

చెస్ నేర్పిస్తూ కూడా ఈ హామీ నేను ఎవరికీ ఇవ్వను. ఇంగ్లండ్‌లో 100 ప్రైమరీ బడుల్ని రెండు భాగాలు చేసి, ఒక భాగంలోని 9–10 ఏళ్ల పిల్లలకు సుమారు 30 గంటల పాటు చెస్ నేర్పించారు. ఫలితాలు 2016లో వచ్చాయి. నేర్పడం పూర్తయిన ఏడాది తర్వాత పరీక్ష పెడితే లెక్కల్లో రెండు భాగాల పిల్లలకూ తేడా కనిపించలేదు. మన పిల్లలు వాళ్లకంటే కాస్త పెద్దవాళ్లే, కానీ నేను చూసింది కూడా ఇదే. లెక్కలు రావాలంటే లెక్కలే చెయ్యాలి. చెస్ వల్ల వచ్చేవి వేరే ఉన్నాయి: ఎదుటివాళ్లు ఏం ఆలోచిస్తున్నారో ఊహించడం, ఓడిపోయాక కూడా కూర్చుని ఎక్కడ తప్పు జరిగిందో వెతకడం. పిల్లలకు ఆట నచ్చితే చేర్పించడానికి ఆ ఒక్క కారణం చాలు.

అపోహ: పన్నెండేళ్లు వచ్చాక కొత్తది మొదలుపెడితే లేటయినట్టే.

జిమ్నాస్టిక్స్‌లాంటి కొన్నింట్లో చిన్నప్పుడే మొదలుపెడతారు, నిజమే. మిగతా చాలా ఆటల విషయంలో, ఒకే ఆటకు పరిమితం కావడాన్ని 15, 16 ఏళ్ల దాకా వాయిదా వెయ్యమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో సూచించింది. నాటకంలో అయితే ఏడో తరగతిలో చేరినవాళ్లు చెప్పింది త్వరగా అందుకుంటారు. వాళ్లకు అడ్డొచ్చేది సిగ్గు. ఈ వయసులో ‘అందరూ నన్నే చూస్తున్నారు’ అనే టెన్షన్ చాలా ఎక్కువ. చిన్నపిల్లల బ్యాచ్‌లో కూర్చోబెట్టినా, బాగా వచ్చినవాళ్ల మధ్య నిలబెట్టినా రెండో వారానికే మానేస్తారు. అందుకే కొత్తవాళ్లకు తోటి వయసువాళ్లతో వేరే బ్యాచ్ పెడతాం. మొదటి కొన్ని వారాలు తల్లిదండ్రుల ముందు ప్రదర్శనలు ఉండవు. ఇంటికెళ్లాక ‘ఏదీ, చేసి చూపించు’ అని అడగకండి, దయచేసి.

అపోహ: కోడింగ్ నేర్చుకోవాలంటే ఖరీదైన కిట్ కొనాలి.

అక్కర్లేదు. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ (కంప్యూటర్‌లో బొమ్మల బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు చేసే సాఫ్ట్‌వేర్) ఇప్పటికీ ఉచితమే. మొదలుపెట్టడానికి అది చాలు.

అపోహ: రోజుకొక క్లాసు ఉంటే పిల్లలు చెడిపోరు.

ముందు నిద్ర లెక్క చూడండి. 6 నుంచి 12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటలు కావాలి. యుక్తవయసు మొదలయ్యేసరికి రాత్రి నిద్ర పట్టడం కూడా సహజంగానే ఆలస్యమవుతుంది. ఇక బడి, హోంవర్క్, రోజుకు గంటసేపు ఒళ్లు అలిసే ఆట పోగా మిగిలేది కొంచెమే. ఒకటి కూర్చుని చేసేది, ఒకటి ఒళ్లు కదిలేది, అంతకుమించి నేను సలహా ఇవ్వను. ఏ క్లాసూ లేని సాయంత్రాలు కూడా వాళ్లకు ఉండాలి.

అపోహ: మధ్యలో మానేస్తే పట్టుదల లేనివాళ్లవుతారు.

‘నేనింక వెళ్లను’ అన్నప్పుడు దాని వెనక ఏముందో చూడాలి. స్నేహితులు మానేసి ఉండొచ్చు, పాఠం అందకపోయి ఉండొచ్చు, మరీ తేలిగ్గా ఉండి విసుగొచ్చి ఉండొచ్చు. వీటిలో చాలావాటిని బ్యాచ్ మారిస్తే సరిచేయొచ్చు. అసలు ఇష్టమే పోయిందంటే అది కూడా ఒప్పుకోదగ్గ కారణమే. చేరేటప్పుడే పిల్లలతో ఒక మాట అనుకోవడం మంచిది: ఈ నాటకం వేసేదాకా, లేదా ఈ టోర్నమెంట్ అయ్యేదాకా ఉండాలి, తర్వాత ఉండాలో వద్దో నీ ఇష్టం. ఓడిపోయి ఏడ్చిన రోజున మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. అయితే అక్కడ ఎవరైనా కొడుతున్నారనో, అవమానిస్తున్నారనో, తోటి పిల్లలు వేధిస్తున్నారనో తెలిస్తే ఈ ఒప్పందం చెల్లదు. ఆ రోజే పంపడం ఆపేసి, నడిపేవాళ్లను నేరుగా అడగండి.