పబ్బులో ఒక పాట, డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక పాట

ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏఐకి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఫా 2022 డిసెంబర్‌లో 20,000 యూరోల జరిమానా వేసింది. మర్యాదగా నడుచుకోవాలన్న కనీస నియమాన్ని ఉల్లంఘించారన్నది అభియోగం. ఆ ఏడాది అక్టోబర్ 11 రాత్రి గ్లాస్గోలోని హాంప్‌డెన్ పార్క్‌లో ఐర్లండ్ మహిళల జట్టు స్కాట్లండ్‌ను 1-0తో ఓడించి మొదటిసారి ప్రపంచకప్‌కి అర్హత సాధించింది. ఆ ఆనందంలో డ్రెస్సింగ్ రూమ్‌లో గెంతుతూ పాడిన పాటలో ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటన్ పాలన పోవాలంటూ ఆయుధాలు పట్టిన ఐఆర్ఏకి జై కొట్టే పల్లవి ఒకటి ఉంది. జట్టులోని అమ్మాయే ఒకరు వీడియో తీసి ఆన్‌లైన్‌లో పెట్టారు. దాంతో పెద్ద గొడవైంది.

జరిమానా వార్తతో గొడవ మళ్ళీ మొదటికొచ్చింది. "ఉగ్రవాదులను పొగిడారు" అని ఒక పక్క, "గెలిచిన పిల్లలు పాడిన పాటకి ఇంత రాద్ధాంతమా" అని ఇంకో పక్క. బ్రిటన్ పాలన మీద 1916 ఈస్టర్ తిరుగుబాటు, ఉత్తర భాగం బ్రిటన్‌లోనే ఉండిపోయిన 1921 దేశ విభజన, ఉత్తర ఐర్లండ్‌లో ముప్పై ఏళ్ళ రక్తపాతం, దానికి తెరదించిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం... ఇవన్నీ చాలాసార్లు చదివే ఉంటారు కాబట్టి వాటిని వదిలేద్దాం. ఈ గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి పోనక్కర్లేదు. దానికి ఎనిమిదేళ్ళ ముందు డబ్లిన్‌లోని ఒక పబ్బు దాకా వెళ్తే చాలు.

2014 నవంబర్ 18, మంగళవారం. అవీవా స్టేడియంలో స్నేహపూర్వక మ్యాచ్. అమెరికాపై ఐర్లండ్ 4-1తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక అభిమానులు ఎప్పటిలాగే చుట్టుపక్కల పబ్బులకు చేరారు. స్టేడియానికి దగ్గర్లోనే ఉన్న 'ద బాత్' పబ్బులో ఆ రాత్రి వాళ్ళతో కలిసి పాట అందుకున్న పెద్దమనిషి జాన్ డెలానీ, ఎఫ్ఏఐ చీఫ్ ఎగ్జిక్యూటివ్. అభిమానుల్లో కలిసిపోవడం ఆయనకు కొత్త కాదు. 2012 యూరో కప్ అప్పుడు పోలండ్‌లో అభిమానులు ఆయన్ని భుజాల మీద ఎక్కించుకుని వీధుల్లో ఊరేగించారు, కాళ్ళ బూట్లు కూడా లాగేశారు. అదీ ఫోన్ కెమెరాలకు చిక్కింది. అప్పుడు నవ్వుకున్నవాళ్ళే ఎక్కువ.

ఈసారి నవ్వులాటగా పోలేదు. ఆయన పాడింది వుల్ఫ్ టోన్స్ బృందం పాట, 'జో మెక్‌డొన్నెల్'.

ఈ మెక్‌డొన్నెల్ ఎవరో కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లిష్ పత్రికలు ఒక్క ముక్కలో 'ఐఆర్ఏ మనిషి' అని తేల్చేశాయి. ఆయనది ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్. 1976 అక్టోబర్‌లో ఒక ఫర్నిచర్ కంపెనీ మీద జరిగిన బాంబు దాడి కేసులో బాబీ సాండ్స్‌తో పాటు పట్టుబడ్డాడు. తుపాకీ కలిగి ఉన్నందుకు శిక్ష పడి మేజ్ జైలుకు వెళ్ళాడు. అదే ఏడాది మార్చి నుంచి బ్రిటిష్ ప్రభుత్వం ఇలాంటి ఖైదీలకు అంతవరకూ ఉన్న ప్రత్యేక హోదా తీసేసి, మామూలు నేరస్థుల లెక్కలో కలిపేసింది. జైలు బట్టలు తొడుక్కోమని, జైలు పని చేయమని చెప్పింది. వాళ్ళు ఒప్పుకోలేదు, ఒంటికి దుప్పటి చుట్టుకుని గదుల్లో కూర్చున్నారు. చివరికి 1981లో నిరాహారదీక్షలకు దిగారు. 66 రోజులకు సాండ్స్ చనిపోయాడు. అప్పటికే ఆయన బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు, జైల్లో ఉండే ఎన్నికల్లో గెలిచాడు. ఆయన స్థానంలో దీక్షకు కూర్చున్నది మెక్‌డొన్నెల్. జూన్‌లో ఐర్లండ్ ఎన్నికల్లో స్లైగో-లీట్రిమ్ నుంచి నిలబడి కొన్ని వందల ఓట్ల తేడాతో సీటు పోగొట్టుకున్నాడు. జూలై 8న, 61వ రోజున ప్రాణం పోయింది. వయసు 29. ఆ దీక్షల్లో మొత్తం పదిమంది పోయారు, ఆయన ఐదోవాడు.

వుల్ఫ్ టోన్స్ పాట ఆ ఖైదీయే మాట్లాడుతున్నట్టు సాగుతుంది. 'నన్నా మీరు ఉగ్రవాది అంటున్నది' అనే ధోరణి. ఐర్లండ్‌లో పెళ్ళిళ్ళలోనూ పబ్బుల్లోనూ అర్ధరాత్రి దాటాక ఇలాంటివి పాడుతూనే ఉంటారు. వాటిని రెబెల్ సాంగ్స్ అంటారు. పాడేవాళ్ళలో ఐఆర్ఏని సమర్థించేవాళ్ళు కొద్దిమందే ఉంటారు, కొందరు ఆ పేరెత్తితేనే మండిపడతారు కూడా. గ్లాసు చేతిలో ఉన్నప్పుడు పాట వేరు, పొద్దున్నే రాజకీయం వేరు.

కానీ ఇక్కడ పాడింది మామూలు అభిమాని కాదు, సంఘానికి పెద్ద. పైగా ఆ రాత్రే ఇంకో ఊళ్ళో ఇంకో పాట నడిచింది. గ్లాస్గోలో సెల్టిక్ పార్క్‌లో ఇంగ్లండ్, స్కాట్లండ్ తలపడ్డాయి. ఇంగ్లండ్ 3-1తో గెలిచింది. ఆ మ్యాచ్‌లో ఇంగ్లండ్ అభిమానులు ఐఆర్ఏని బూతులు తిడుతూ పాడారు. అభిమానుల బ్యాండు మేళం కూడా అదే వరసకు కలిసింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తల పట్టుకుంది. అంతకు ఏడాదిన్నర ముందే, 2013 మేలో వెంబ్లీలో ఐర్లండ్‌తో ఆడేటప్పుడు అలాంటి పాటలు వద్దని కోచ్ రాయ్ హాడ్సన్ చేత అభిమానులకు చెప్పించింది ఆ సంఘమే. ఆ భయానికి కారణం ఉంది. 1995 ఫిబ్రవరిలో డబ్లిన్‌లో ఐర్లండ్-ఇంగ్లండ్ మ్యాచ్ జరుగుతుండగా ఇంగ్లండ్ అభిమానులు పై స్టాండు నుంచి సీట్లు పీకి విసిరారు. 27 నిమిషాలకే ఆట ఆపేశారు. అప్పుడూ నోళ్ళలో ఉన్నది ఐఆర్ఏ వ్యతిరేక నినాదమే. ఆ తర్వాత ఇంగ్లండ్ జట్టు డబ్లిన్‌కి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 2015 జూన్ 7న రావాల్సి ఉంది. ఆ ఆతిథ్యం ఇవ్వాల్సిన సంఘానికి పెద్ద డెలానీయే.

నా లెక్కలో అసలు మలుపు ఆ తర్వాత జరిగింది. వీడియో బయటికొచ్చింది. పత్రికలు అడిగాయి. సంఘం వైపు నుంచి వచ్చిన మొదటి జవాబు క్షమాపణ కాదు, వివరణా కాదు, లాయర్ల మాట. పాడుతున్నది డెలానీ కాదని గార్డియన్ పత్రికకు చెప్పించారు, వార్త వేస్తే కేసవుతుందని హెచ్చరించారు. గొంతు ఆయనదే, ముఖం ఆయనదే, చూసినవాళ్ళకు అనుమానం లేదు. కొద్దిరోజుల్లోనే మాట మార్చక తప్పలేదు. అవును, నేనే పాడాను, ఎవరినైనా నొప్పించి ఉంటే మన్నించండి, హింసను నేను సమర్థించను, నేను నేషనలిస్టుని (ఐర్లండ్ అంతా ఒకటి కావాలనేవాణ్ణి), ఒక రాత్రిలో బోలెడు పాటలు పాడతాం, పాడిన పాటలో ప్రతి ముక్కనూ నమ్ముతామని కాదు కదా... ఇదీ ఆయన వాదన సారాంశం.

ఈ ఆఖరి ముక్కలో నిజం లేకపోలేదు. 2002లో బీబీసీ వరల్డ్ సర్వీస్ ప్రపంచంలో అందరికీ ఇష్టమైన పాట ఏదని శ్రోతల ఓట్లు అడిగితే మొదటి స్థానం ఇదే వుల్ఫ్ టోన్స్ పాడిన 'ఎ నేషన్ వన్స్ ఎగైన్'కి దక్కింది. రెండో స్థానం మన వందేమాతరానిది. ఓటేసినవాళ్ళంతా తుపాకీ పట్టుకునేవాళ్ళు కాదు. ఐర్లండ్ తిరుగుబాటుతో మనవాళ్ళకున్న సంబంధం కూడా గుర్తుకొస్తుంది. బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి 1913లో లా చదవడానికి డబ్లిన్ వెళ్ళి, అక్కడి ఉద్యమకారులతో కలిసి తిరిగి, 1916 తిరుగుబాటు తర్వాత దేశం విడిచి పొమ్మనిపించుకున్నారు. ఆయనే తర్వాత మన రాష్ట్రపతి. ఆ కాలపు ఐరిష్ తిరుగుబాటుదారులంటే మనకు ఇప్పటికీ గౌరవమే.

అయితే 1916 వేరు, 1981 వేరు, 1987 వేరు. ఐర్లండ్‌లో ఇప్పటికీ తెగని పంచాయితీ ఇదే. డ్రెస్సింగ్ రూమ్‌లో అమ్మాయిలు పాడిన 'సెల్టిక్ సింఫనీ'ని వుల్ఫ్ టోన్స్‌కి చెందిన బ్రయన్ వార్‌ఫీల్డ్ 1987లో రాశారు. గ్లాస్గోలోని సెల్టిక్ క్లబ్బు నూరేళ్ళ పండుగకు రాసిన పాట అది. గొడవంతా రేపిన ఆ పల్లవి గ్లాస్గో గోడ మీద కనిపించిన రాత అని ఆయన చెబుతారు. సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్ 25న సరిహద్దు దగ్గర ఐఆర్ఏ పెట్టిన బాంబుకు ఉత్తర ఐర్లండ్ జడ్జి ఒకరు, ఆయన భార్య చనిపోయారు. ఎదురుగా వస్తున్న కారులో ముగ్గురు రగ్బీ ఆటగాళ్ళు ఉన్నారు. ప్రపంచకప్ ముందు ఐర్లండ్ జట్టు ప్రాక్టీసుకి డబ్లిన్ వెళ్తున్నారు వాళ్ళు. ఆ ముగ్గురిలో నైజెల్ కార్‌కి ఆ దెబ్బతో ఆటే పోయింది. నవంబర్‌లో ఎనిస్కిలెన్‌లో యుద్ధమృతుల స్మారకం దగ్గర పేలిన బాంబుకు 11 మంది పోయారు. ఉత్తరాన, బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనుకునే యూనియనిస్టుల ఇళ్ళల్లో ఆ పల్లవి చెవిన పడితే గుర్తొచ్చేవి ఇవీ.

మళ్ళీ డెలానీ దగ్గరికి. ఆయన పదవి పోలేదు. యూఫా నుంచి జరిమానా ఏదీ రాలేదు. ఇంగ్లండ్ జట్టు వచ్చింది, 0-0తో ఆడి వెళ్ళింది. 2016 మార్చిలో ఐర్లండ్ జట్టు ఈస్టర్ తిరుగుబాటు శతాబ్ది గుర్తుగా జెర్సీ మీద చిన్న చిహ్నం వేసుకుని స్విట్జర్లండ్‌తో ఆడింది. రాజకీయ గుర్తు అంటూ ఫిఫా ఆ తర్వాత 5,000 స్విస్ ఫ్రాంకులు వడ్డించింది. అంటే జెర్సీ మీది గుర్తుకి శిక్ష పడింది, సంఘం పెద్ద పాడిన పాటకి పడలేదు. 2017 ఏప్రిల్‌లో డెలానీ యూఫా ఎగ్జిక్యూటివ్ కమిటీకి ఎన్నికయ్యారు.

ఆయన కథ ముగిసింది పాట వల్ల కాదు, చెక్కు వల్ల. 2017లో ఆయన సంఘానికి లక్ష యూరోలు అప్పిచ్చారన్న సంగతి 2019 మార్చిలో సండే టైమ్స్ చేతికి చిక్కింది. చీఫ్ ఎగ్జిక్యూటివే సొంత సంఘానికి ఎందుకు అప్పిచ్చినట్టు? వార్త ఆపమని డెలానీ హైకోర్టుకెళ్ళారు. కోర్టు ఒప్పుకోలేదు. 2014లో పత్రికల మీదికి లాయర్లను పంపిన పద్ధతే, ఈసారి పని చేయలేదు. ఏప్రిల్‌లో పార్లమెంటరీ కమిటీ ముందు కూర్చుని డబ్బు లెక్కల మీద నోరు విప్పలేదు. సెప్టెంబర్‌లో తప్పుకున్నారు. డిసెంబర్‌లో లెక్కలు బయటపెడితే సంఘం బాకీలు 5.5 కోట్ల యూరోలు దాటాయని తేలింది.

అమ్మాయిల విషయంలో జరిగింది దీని పక్కన పెట్టి చూడండి. స్కాట్లండ్ మ్యాచ్ అయిన మర్నాటికల్లా కోచ్ వేరా పావ్, ఎఫ్ఏఐ ఇద్దరూ క్షమాపణ చెప్పారు. అది మేం కాదు అనలేదు, లాయర్లను దింపలేదు. డిఫెండర్ క్లోయి ముస్టాకీ టీవీలో కూర్చుని తప్పు జరిగిందని ఒప్పుకుంది. అది బ్రిటన్ చానల్ స్కై స్పోర్ట్స్ ఇంటర్వ్యూ. చదువు అవసరమని ఇది చెప్పడం లేదా అని యాంకర్ అడిగాడు. ఐర్లండ్ అంతా భగ్గుమన్నది ఆ ప్రశ్నకే. మా చరిత్ర మీ బళ్ళల్లో చెబుతున్నారా ముందు అన్నారు. కోపంతో డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళ పుణ్యమా అని 35 ఏళ్ళ నాటి 'సెల్టిక్ సింఫనీ' ఐట్యూన్స్‌లో నంబర్ వన్ అయింది. జట్టులో ఎక్కువమంది గుడ్ ఫ్రైడే ఒప్పందం నాటికి పాలబుగ్గల పిల్లలు. వాళ్ళకు ఆ పల్లవి స్టేడియంలో, డిస్కోలో, పెళ్ళిలో విన్న అరుపు. ఉత్తరాన ఎవరో ఒకరికి అది తండ్రి పోయిన రోజు కావచ్చని ఆ క్షణంలో వాళ్ళకు తట్టలేదు. తర్వాత తట్టింది, చెప్పుకున్నారు.

అన్నట్టు ఆ రాత్రి గురించి జనం మరిచిపోయిన ముక్క ఒకటుంది. మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు డోనెగాల్ కౌంటీ క్రీస్లోలో పెట్రోలు బంకు దగ్గర పేలుడు జరిగి పదిమంది చనిపోయారు. అదే కౌంటీ అమ్మాయి ఆంబర్ బారెట్ సబ్‌స్టిట్యూట్‌గా దిగి 72వ నిమిషంలో గోల్ కొట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని చేతికున్న నల్ల బ్యాండ్‌ని ముద్దు పెట్టుకుంది. గోల్‌ని చనిపోయినవాళ్ళకు అంకితమిచ్చింది. ఆ ఫొటో ఒక్కరోజు కూడా నిలవలేదు, వీడియో తోసేసింది.

యూఫా వేసిన 20,000 యూరోలు కట్టాల్సింది ఎఫ్ఏఐ. 2019లో డెలానీ వెళ్ళిపోతున్నప్పుడు అదే ఎఫ్ఏఐ ఆయనకిచ్చిన సెటిల్‌మెంట్ 4,62,000 యూరోలు.