విడాకుల తర్వాత పెద్ద కుటుంబం ఖర్చు: అపోహలు, వాస్తవాలు

పెన్సిల్వేనియాలో విడాకులు తీసుకున్న తల్లిదండ్రులకు ఇంటి ఖర్చుల లెక్క వేసి ఇవ్వడం, పన్నుల కాగితాలు సరిచూడడం పదమూడేళ్ళుగా నా వృత్తి. నా దగ్గరకు వచ్చే తెలుగు కుటుంబాల్లో ముగ్గురు, నలుగురు పిల్లలున్నవారు తక్కువేమీ కాదు. ఈ రాష్ట్రంలో ఉంటున్నందువల్ల కాబోలు, వారిలో చాలామంది ఏదో ఒక సందర్భంలో గోసెలిన్ దంపతుల పేరు ఎత్తుతారు. "ఎనిమిది మంది పిల్లలున్న వాళ్ళే విడిపోయి నెట్టుకొచ్చారు, మాకున్నది నలుగురే కదండీ" అని మొన్న శనివారం ఒక తండ్రి అన్నారు. ఆ మాట వెనుక ఉన్న భయం నాకు అర్థమైంది. అయితే ఆయన అప్పటికే రెండో ఇంటికి అద్దె ఒప్పందం మీద సంతకం చేసి వచ్చారు. నేను ఇది రాయడానికి కారణం అదే.

ముందు ఆ కుటుంబం సంగతి చెబుతాను. జాన్, కేట్ గోసెలిన్‌లకు 2000లో కవలలు, 2004 మే 10న హెర్షీలోని ఆసుపత్రిలో ఒకే కాన్పులో ఆరుగురు పుట్టారు. వారి ఇంటి జీవితం 2007 నుంచి టీవీలో రియాలిటీ ధారావాహికగా ప్రసారమైంది. విడిపోతున్నామని 2009 జూన్‌లో వారు ప్రకటించిన భాగాన్ని కోటి మందికి పైగా చూశారు. అదే ఏడాది డిసెంబరులో విడాకులు ఖాయమయ్యాయి. జనం చూసింది ఇంతవరకే. ఆ ఇంటి పద్దు పుస్తకాన్ని ఎవరూ చూడలేదు. చూడని పద్దును ఆధారం చేసుకుని మన ఇంటి లెక్క వేసుకోకూడదు.

అపోహ: విడిపోతే ఖర్చు చెరిసగం అవుతుంది.

నేను చూసిన కుటుంబాలను అన్నిటికంటే ఎక్కువగా ముంచింది ఈ నమ్మకమే కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుతాను. అమెరికా వ్యవసాయ శాఖ 2017లో ప్రచురించిన అంచనా ప్రకారం, మధ్యతరగతి దంపతులకు 2015లో పుట్టిన ఒక బిడ్డను పద్దెనిమిదేళ్ళు నిండే వరకు పెంచడానికి, కాలేజీ చదువు కాకుండా, 2,33,610 డాలర్లు అవుతుంది. ఇది ఇద్దరు పిల్లలున్న ఇంటి లెక్క. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉన్న ఇంట్లో ఒక్కొక్కరిపై పెట్టే ఖర్చు ఇద్దరున్న ఇంటికంటే సగటున 24 శాతం తక్కువ. ఒక్క బిడ్డే ఉంటే 27 శాతం ఎక్కువ. పెద్ద కుటుంబానికి ఈ వెసులుబాటు ఎక్కడి నుంచి వస్తుందో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు పడుకుంటారు, అన్న చొక్కా తమ్ముడికి వస్తుంది, బియ్యం బస్తాలతో కొంటాం, ఒకే వ్యానులో అందరూ బడికి వెళతారు. అంటే ఆ పొదుపంతా ఒకే కప్పు కింద ఉండడం వల్ల వచ్చేదే. విడాకులు ఆ కప్పునే రెండు చేస్తాయి. పిల్లలు ఎంత ఎక్కువమంది ఉంటే, విడిపోయాక చేజారే వెసులుబాటు అంత పెద్దది.

గోసెలిన్ దంపతులు విడిపోయినప్పుడు పిల్లలు అదే ఇంట్లో ఉంటారని, తాము వంతులవారీగా వచ్చి వారితో గడుపుతామని ప్రకటించారు. చాలామంది దాన్ని టీవీ వాళ్ళ ఆడంబరమనుకున్నారు. నాకు మాత్రం అందులో ఒక లెక్క కనబడింది: ఎనిమిది మందికి రెండు చోట్ల పడకలు సమకూర్చడం కంటే, పెద్దలిద్దరూ అటూ ఇటూ తిరగడం తేలిక. అయితే వంతు లేని రోజుల్లో పెద్దలకూ ఎక్కడో ఒక చోటు కావాలి, దానికీ డబ్బు కావాలి. నేను చూసిన కుటుంబాల్లో ఈ ఏర్పాటు ఏడాది దాటి నిలిచినవి చాలా తక్కువ.

నేను ఈ పనిలోకి రావడానికి మా అక్క కారణం. ముగ్గురు పిల్లలతో ఆమె విడిపోయినప్పుడు, న్యూజెర్సీలో ఆమె వంటింటి బల్ల దగ్గర మూడు రాత్రులు కూర్చుని కాగితం మీద మూడు గళ్ళు గీశాం. మొదటిది ఇద్దరి మధ్యా పంచుకోగలిగే ఖర్చులు: బడి, డేకేర్, వైద్యం. రెండోది రెట్టింపయ్యేవి: అద్దె, కరెంటు, ఇంటర్నెట్, పడకలు. మూడోది పెరిగేవి: పిల్లలను దింపి తీసుకురావడానికి అయ్యే పెట్రోలు, చిన్న మొత్తాల్లో కొనడం వల్ల హెచ్చే కిరాణా, వంట చేసే ఓపిక లేక బయట తినే రాత్రులు. తన మొదటి గడిలో ఉందని అక్క అనుకున్నవాటిలో సగానికి పైగా రెండు, మూడు గళ్ళలోకి జారిపోవడం చూసి ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఈ రోజుకీ నా దగ్గరకు వచ్చినవారికి నేను ఇచ్చేది ఆ మూడు గళ్ళ కాగితమే.

పిల్లల పోషణకు కోర్టు నిర్ణయించే మొత్తం ఈ లోటును పూడ్చదు. పెన్సిల్వేనియా మార్గదర్శక పట్టిక ఆరుగురు పిల్లల వరకే ఉంటుంది, అందులో నలుగురికి చూపే మొత్తం ఒక్కరికి చూపేదానికి నాలుగు రెట్లు కాదు. తల్లిదండ్రులిద్దరూ కలిసి ఉన్న ఇంట్లో పిల్లల మీద ఎంత ఖర్చయ్యేదో అన్న అంచనా మీద ఆ పట్టికను కట్టారు. కలిసి ఉన్న ఇంటి పొదుపును లెక్కలో పెట్టుకుని వేసిన మొత్తంతో విడిపోయిన రెండు ఇళ్ళు నడవాలి. ఇచ్చేవారికి అది మోయలేనంతగా, తీసుకునేవారికి చాలనట్టుగా తోచడానికి మూలం ఇక్కడుంది. ఎదుటివారి దుర్బుద్ధే కారణమని బంధువులు నూరిపోసే మాటలు దయచేసి చెవిన పెట్టకండి.

అపోహ: ఉద్యోగం పోతే పోషణ మొత్తం దానంతట అదే తగ్గుతుంది.

తగ్గదు. ఆదాయం ఎలా మారిపోతుందో చూడాలంటే ఇక్కడ గోసెలిన్‌ల ఉదాహరణ పనికి వస్తుంది. టీవీ ఆదాయం ఆగాక జాన్ డీజేగా, రెస్టారెంటులో కూడా పనిచేశారు. వృత్తిరీత్యా నర్సు అయిన కేట్ మళ్ళీ నర్సింగ్ వైపు వెళ్ళారు. మనవాళ్ళ విషయంలో ఆ పాత్ర లే-ఆఫ్‌లది. హెచ్1బీ వీసా మీద ఉన్నవారు ఉద్యోగం పోగానే, మరో ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండే అరవై రోజుల గడువు కంగారులో పడి కోర్టు సంగతి మరచిపోతారు. 1986 నాటి ఫెడరల్ సవరణ ప్రకారం, గడువు దాటినా కట్టని ప్రతి పోషణ వాయిదా కోర్టు తీర్పుతో సమానమైన బాకీ. గడిచిపోయిన నెలల బాకీని జడ్జి కూడా వెనక్కు వెళ్ళి తగ్గించలేరు. తగ్గింపు కోరే అర్జీ దాఖలైన తర్వాతి కాలానికే ఉపశమనం దొరుకుతుంది. కాబట్టి ఉద్యోగం పోయిన వారంలోనే అర్జీ వేయండి. ఎదుటివారు "ఫరవాలేదు, తర్వాత చూసుకుందాం" అని నోటిమాటగా అన్నది లెక్కలోకి రాదు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. పిల్లల పోషణకు ఇచ్చే డబ్బు ఇచ్చేవారికి పన్ను మినహాయింపు కాదు, తీసుకునేవారికి ఆదాయమూ కాదు. 2018 తర్వాతి విడాకుల్లో భరణానికీ ఇదే సూత్రం. ఒకే బిడ్డను ఒకే ఏడాది ఇద్దరూ పన్ను పత్రంలో చూపించుకోలేరు. ఆ హక్కు సాధారణంగా బిడ్డ ఎక్కువ రాత్రులు ఎవరి ఇంట్లో నిద్రపోతే వారిది, దాన్ని రెండోవారికి వదిలిపెట్టాలంటే ఫారం 8332 మీద సంతకం కావాలి.

కాలేజీ చదువు సంగతి మాత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. న్యూజెర్సీలో విడిపోయిన తల్లిదండ్రులను ఫీజులు భరించమని కోర్టు ఆదేశించవచ్చు. పెన్సిల్వేనియాలో 1995 నాటి రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు తర్వాత, ఒప్పందంలో రాసుకుంటే తప్ప అటువంటి బాధ్యత లేదు. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్న స్నేహితురాలు చెప్పిందని ఇక్కడ ధీమాగా ఉండిపోయి, పెద్దబిడ్డ పన్నెండో తరగతికి వచ్చాక నా దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్న తల్లులున్నారు.

పిల్లలు తెరమీద సంపాదించినదంతా తల్లిదండ్రులదేనన్నది కూడా పూర్తిగా నిజం కాదు. కాలిఫోర్నియాలో బాలనటుల సంపాదనలో కొంత వారికే దాచి ఉంచాలనే కూగన్ చట్టం 1939 నుంచే ఉంది. గోసెలిన్‌ల కార్యక్రమంపై ఇక్కడి కార్మిక శాఖ విచారణ జరిపిన తర్వాత, పెన్సిల్వేనియా 2012లో తన బాలకార్మిక చట్టాన్ని మార్చింది. రియాలిటీ కార్యక్రమాల్లో పిల్లల సంపాదనలోనూ 15 శాతాన్ని, కొన్ని షరతులకు లోబడి, వారి పేరిట ట్రస్టులో ఉంచాలి.

ఆ శనివారం వచ్చిన తండ్రి అద్దె ఒప్పందం పన్నెండు నెలలది, రద్దు చేస్తే రెండు నెలల అద్దె పోతుంది. అందువల్ల ఇంటిని ఉంచుకుని, మూడు గళ్ళ కాగితం మీద రెండో గడిని తగ్గించడానికి కూర్చున్నాం. మంగళవారం పిల్లల తల్లి కూడా వచ్చారు. రెండో వ్యాను కొనడం మానేసి, ఉన్న వ్యాను పిల్లలు ఎక్కడుంటే అక్కడే ఉండాలని, పెద్దలు చిన్న కారుతో సరిపెట్టుకోవాలని నిర్ణయించారు. చలికోట్లు, బూట్లు, ట్యాబ్‌లు రెండేసి కొనకుండా పిల్లలతో పాటే తిరగాలని ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం చేశారు.