బీరువాలోంచి క్లాసులోకి: పాత రీలు కెమెరా జబ్బు పట్టుకోవడం ఎలా

బడిలో ఫొటోగ్రఫీ నేర్పడానికి రీలు కెమెరాని మించిన సాధనం లేదు. రీలులో ఉండేవి 36 ఫొటోలే కాబట్టి పిల్లలు మీట నొక్కేముందు ఒక్క క్షణమైనా ఆగుతారు. ఇబ్బందల్లా కెమెరాలతోనే. మూతపడిన స్టూడియోల నుంచో, తాతల బీరువాల నుంచో వచ్చే ఈ కెమెరాలు 30 నుంచి 60 ఏళ్లనాటివి. 'పనిచేయడం లేదు' అని చీటీ కట్టి ఇచ్చినవాటిలో చాలావాటికి ఉన్న జబ్బు చచ్చిన సెల్లో, కరిగిన స్పాంజి నురుగో మాత్రమే. అసలు జబ్బు ఉన్నవి పైకి నిగనిగలాడుతూ కనిపిస్తాయి. రీలు ఖరీదు, కడిగించే ఖర్చు కలుపుకుంటే, రీలు వేసి చూద్దామనుకోవడం అన్నిటికన్నా ఖరీదైన పరీక్ష. ఖాళీ కెమెరాతోనే ముప్పాతిక వంతు సంగతులు తేలిపోతాయి.

ముందుగా తేల్చుకోవలసింది, సెల్లు లేకుండా ఆ కెమెరా షట్టర్ (వెలుతురుని రీలు మీదకి వదిలే తెర) కదులుతుందా లేదా అన్నది. 1976లో వచ్చి 1997 దాకా తయారైన పెంటాక్స్ కె1000 పూర్తిగా స్ప్రింగులు, పళ్లచక్రాల మీద నడిచే యంత్రం. అందులోని ఒక్క ఎల్ఆర్44 సెల్లు వెలుతురు కొలిచే మీటరు కోసమే. అదే 1976లో వచ్చిన కేనన్ ఏఈ-1 సంగతి వేరు. దాని షట్టర్‌ని నడిపేది ఎలక్ట్రానిక్ సర్క్యూట్. 6 వోల్టుల సెల్లు లేకపోతే మీట నొక్కినా ఏమీ జరగదు, రీలుని ముందుకు జరిపే లివర్ కూడా బిగుసుకుపోయినట్టే ఉంటుంది. ఏఈ-1ని చేతిలోకి తీసుకుని 'జామైంది' అని పక్కన పెట్టేముందు కొత్త సెల్లు వేసి చూడాలి. క్లాసుకి మాత్రం కె1000 లాంటివే మేలు. సెల్లు చచ్చినా పాఠం ఆగదు.

సెల్లు గది మూత తిప్పగానే తెల్లటి పొడి కనిపిస్తే, అది కారిపోయిన ఆల్కలైన్ సెల్లు వదిలిన క్షారం. దాన్ని నీళ్లతో కడగకూడదు. ఇయర్‌బడ్‌ని వెనిగర్‌లోనో, నిమ్మరసంలోనో ముంచి, పిండి, దానితో తుడవాలి. క్షారం ఆమ్లంతో విరిగిపోతుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇంకో బడ్‌తో ఆ పులుపు పోయేలా తుడిచి, లోహపు రేకుని పెన్సిల్ రబ్బరుతో మెరిసేదాకా రుద్దాలి. పచ్చగా చిలుము పట్టి, కింద వైరు కూడా తినేసి ఉంటే అది మెకానిక్ పని. కె1000లో ఇంకో కిటుకు ఉంది: మీటరుకి స్విచ్ లేదు. వెలుతురు తగిలినంతసేపూ అది కరెంటు తాగుతూనే ఉంటుంది. లెన్స్ మూతే దాని స్విచ్. మూత పోగొట్టుకున్న కెమెరాకి తరచూ కొత్త సెల్లు కొనాల్సి వస్తుంది.

1960ల కెమెరాల్లో మరో చిక్కు పాదరసం సెల్లు. 1.35 వోల్టుల దగ్గర నిలకడగా ఉండే ఆ సెల్లుని నమ్ముకుని మీటర్లు తయారుచేశారు. ఇప్పుడవి రావడం లేదు. 1.5 వోల్టుల సెల్లు పెడితే చాలా మీటర్లు వెలుతురు ఎక్కువున్నట్టు చూపిస్తాయి, ఫొటోలు చీకటిగా వస్తాయి. వినికిడి యంత్రాల్లో వాడే 675 నంబరు జింక్-ఎయిర్ సెల్లు 1.4 వోల్టులిస్తుంది, తేడా స్వల్పం. చుట్టూ చిన్న రబ్బరు వాషరు పెట్టి వాడొచ్చు. కాకపోతే స్టిక్కర్ పీకిన కొన్ని వారాలకే ఎండిపోతుంది.

మీటరు కదిలినంత మాత్రాన నిజం చెబుతోందని కాదు. ఐఎస్ఓ (రీలు వెలుతురుకి ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకె) 400 పెట్టి, ఒకే రంగు గోడ మీదకి కెమెరానీ, ఫోన్‌లోని లైట్ మీటర్ యాప్‌నీ గురిపెట్టి పోల్చాలి. నడిమధ్యాహ్నం ఎండలో 400 రీలుకి లెన్స్ రంధ్రం ఎఫ్/16 దగ్గర ఉంటే షట్టర్ వేగం 1/500 సెకను రావాలన్న పాత లెక్క కూడా చేతిలో ఉంది. మసక వెలుతురులోనూ, ఎండలోనూ తేడా ఒకేలా ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు లేదా సగం) ఉంటే బాగుచేయించక్కర్లేదు. మీటరు వెలుతురు ఎక్కువ చూపిస్తున్న కెమెరాలో 400 రీలు వేసి ఐఎస్ఓ డయల్‌ని 200 దగ్గర పెడితే సరిపోతుంది. ఆ సంగతి రాసిన టేపు ముక్క కెమెరా అడుగున అంటించాలి. తేడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటే ఆ మీటరుని వదిలేయడమే.

ఇక నురుగు. వెనక తలుపు మూసినప్పుడు సందుల్లోంచి వెలుతురు దూరకుండా కెమెరా గాడిలో నల్లటి నురుగు పట్టీ ఉంటుంది. వ్యూఫైండర్‌కి బొమ్మ చూపే అద్దం, మీట నొక్కినప్పుడు పైకి లేచి కొట్టుకునే చోట ఇంకో ముక్క మెత్తలా ఉంటుంది. ఈ పాలియురెథేన్ నురుగుకి గాల్లోని తేమే శత్రువు. నీటి ఆవిరి దాని అణువుల గొలుసులని ఒక్కొక్కటిగా తెంచుతుంది, చివరికి అది తారులా జిగటగా మారుతుంది. వేడీ తేమా కలిసి ఉండే మన కోస్తా ఊళ్లలో ఈ పని ఇంకా త్వరగా జరుగుతుంది. తలుపు తెరిచి గాడిలో పంటిపుల్ల పెట్టి నొక్కితే తెలిసిపోతుంది: పుల్లకి నల్లగా అంటుకుందంటే నురుగు పోయినట్టే. అద్దం దగ్గరి మెత్త కరిగితే అద్దం పైకి లేచి అక్కడే అతుక్కుపోతుంది. వ్యూఫైండర్లో చీకటి, లివర్ కదలదు. 'షట్టర్ పోయింది' అని పారేసిన కెమెరాల్లో ఇదో పెద్ద వాటా.

నురుగు మార్చడం పదో తరగతి పిల్లలు చేయగలిగిన పనే, ఓపిక ఉంటే. ముందు షట్టర్ తెర మీద కాగితం కప్పి, అంచులకి టేపు వేయాలి. రాలిన తారు నలుసు తెరలోకి దూరితే కొత్త జబ్బు మొదలవుతుంది. ఇయర్‌బడ్‌తో గాడిలో ఆల్కహాల్ అద్ది రెండు మూడు నిమిషాలు నాననిచ్చి, పుల్లతో గీకాలి. స్క్రూడ్రైవర్ వాడితే రంగు లేచి, గాడి మెరిసి, వెలుతురుని లోపలికి పంపుతుంది. తలుపు గాడిలోకి 1.5 నుంచి 2 మి.మీ. మందం నురుగు సరిపోతుంది. అది దొరక్కపోతే ఫ్యాన్సీ షాపులో నల్ల ఊలు దారం చాలు, గాడిలో వేసి పుల్లతో ఒత్తాలి. గమ్ము పట్టీ అయితే గమ్ము వైపు కాస్త నీటి తడి చేయాలి, వెంటనే అతుక్కోకుండా సర్దుకునే వీలు ఉంటుంది. అద్దం మెత్త మరీ మందంగా వేస్తే అద్దం పూర్తిగా లేవదు, ఫొటో అంచున నీడ పడుతుంది. ఎన్ని చేసినా అద్దాన్ని మాత్రం గుడ్డతో తుడవొద్దు. దాని వెండిపూత గాజు వెనక కాదు, ముందే ఉంటుంది. ఒక్క రుద్దుకి గీతలు పడతాయి. గాలి బుడ్డితో ఊదడమే.

షట్టర్ పరీక్షకి లెన్స్ తీసి, వెనక తలుపు తెరిచి, కెమెరాని కిటికీ వెలుతురు వైపు పెట్టి, వెనక నుంచి ఫోన్లో స్లోమోషన్ తీయాలి. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే, షట్టర్ తెరుచుకుని కనిపించిన ఫ్రేములు లెక్కపెట్టడమే: 1 సెకనుకి 240, 1/4కి 60, 1/30కి 8. ట్యూబ్‌లైటు ముందు చేయకూడదు, మన 50 హెర్ట్జ్ కరెంటుకి కొన్ని ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, లెక్క తప్పుతుంది. 1 సెకను ఒకటిన్నర సెకను తీసుకుంటే లోపలి కందెన గట్టిపడిందని అర్థం. ప్రతి వేగం దగ్గరా ముప్పై నలభై సార్లు నొక్కితే కొన్ని దారికొస్తాయి. నూనె స్ప్రే మాత్రం కొట్టొద్దు, అది పాకిపోయి తెరలకీ, లెన్స్ రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే రేకులకీ అంటుకుంటుంది.

వేగాలు ఎక్కువైనప్పుడు వచ్చే జబ్బు వేరు. గుడ్డ తెరల షట్టర్లో రెండు తెరలుంటాయి. 1/60 దాకా మొదటి తెర పూర్తిగా తెరుచుకున్నాకే రెండోది బయల్దేరుతుంది. 1/1000 దగ్గర రెండోది వెన్నంటే వస్తుంది, మధ్యలో ఉండేది రెండు మూడు మి.మీ. సందు మాత్రమే. మొదటి తెర కాస్త మందగిస్తే రెండోది దాన్ని అందుకుంటుంది, సందు మూసుకుపోతుంది, ఫొటోలో ఒక పక్క చీకటి. దీనికి ఫోన్ అక్కర్లేదు. తెల్లటి ఆకాశం వైపు పెట్టి, వెనక నుంచి చూస్తూ 1/1000 దగ్గర నొక్కితే దీర్ఘచతురస్రం మొత్తం ఒక్కసారి మెరవాలి. ఒక పక్క మెరవకపోతే డయల్ మీద 1000 దగ్గర టేపు వేసి కెమెరాని వాడుకోవచ్చు. పిల్లలు ఎక్కువగా వాడేవి 1/60 నుంచి 1/500. అవి బాగుంటే క్లాసుకి చాలు. షట్టర్ కాస్త నెమ్మదిస్తే నెగెటివ్ కొంచెం ముదురుగా వస్తుంది, నలుపు-తెలుపు రీలు దాన్ని భరిస్తుంది.

లెన్స్‌ని టార్చికి ఎదురుగా పెట్టి చూస్తే బూజు సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. అంచున కొంచెముంటే ఫొటోకి నష్టం లేదు. వదిలేస్తే దాని ఆమ్లాలు గాజు పూతని తినేస్తాయి. కెమెరాని తోలు కేసులో దాచడం అందరూ చేసే తప్పు, వానాకాలంలో ఆ తోలు తేమని పట్టి ఉంచుతుంది. బిగుతు మూత డబ్బా, సిలికా జెల్, లోపల 40 నుంచి 50 శాతం తేమ ఉంటే బాగుంటాయి. రేకుల సంగతి తెలియాలంటే లెన్స్ తగిలించి, ఎఫ్/16 పెట్టి, వేగాల డయల్‌ని బి దగ్గర (మీట వదిలేదాకా షట్టర్ తెరిచే ఉంటుంది) పెట్టి, మీట నొక్కి పట్టుకుని వెనక నుంచి చూడాలి. చిన్న రంధ్రం టక్కున ఏర్పడాలి. బద్ధకంగా మూసుకుంటే రేకులకి నూనె పట్టింది.

ఇన్ని పరీక్షలూ నెగ్గిన కెమెరాలోంచి కూడా ఖాళీ రీలు రావచ్చు. కారణం కెమెరా కాదు, ఎక్కించడం. ఫొటోల అంకె లివర్ కదిలితే చాలు పెరుగుతుంది, లోపల రీలు కదిలిందో లేదో దానికి తెలియదు. అందుకే తలుపు మూశాక పైనున్న రివైండ్ గుండీని బాణం వైపు మెల్లగా తిప్పి, వదులు పోగొట్టి, అప్పుడు లివర్ లాగాలి. ఆ గుండీ వెనక్కి తిరగాలి. తిరగకపోతే రీలు పట్టుకోలేదు. రీలు అయ్యాక అడుగున ఉన్న బొత్తాం నొక్కకుండా వెనక్కి చుడితే రీలు అంచు కన్నాలు చిరిగి, ముక్కలు లోపల రాలతాయి. గడువు తీరిన ఒక రీలుని వీటి సాధనకే కేటాయించాలి.

మొదటి రీలు కడిగి వచ్చాక నెగెటివ్‌ని చదవాలి. మొత్తం తేటగా ఉండి అంచున అంకెలు కనిపిస్తే కడగడం సరే, వెలుతురే పడలేదు: రీలు కదల్లేదు, లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంకెలు కూడా లేకపోతే తప్పు రీలు కడిగిన మందులది. ఫ్లాష్ ఫొటోల్లో ఫ్రేము కొంతమేర తిన్నగా కోసేసినట్టుంటే 1/60 దాటిన వేగంలో తీశారు. ప్రతి ఫ్రేములో ఒకేచోట నల్ల చుక్క ఉంటే తెరకి సూది బెజ్జం పడింది. అంచు కన్నాల నుంచి నల్ల చారలు పాకితే నురుగు. కెమెరాలో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, ఫొటోలో చార ఎడమ పక్క ఉంటే, వెనక నుంచి చూసినప్పుడు కుడి వైపున్న కీలు దగ్గర వెతకాలి. పైన ఉంటే కింది గాడిలో. ఇదంతా ఏ కెమెరాదో తెలియాలంటే, ప్రతి రీలులో మొదటి ఫొటోగా కెమెరా నంబరు రాసిన కాగితాన్ని తీయించాలి.