పాటల్లో తప్పులు వెతికే అలవాటు ఎక్కడిది?

దేవరకొండ వైపు ఏ పిల్లగాడో కొత్త జానపదం ఒకటి పాడి యూట్యూబ్‌లో పెడతాడు. వారం తిరక్కముందే పెళ్లి బరాత్‌లలో అదే మోగుతుంది. వెంటనే తప్పులు ఎంచేవాళ్లు బయల్దేరతారు. ‘ఒచ్చిండు’ ఏంది, ‘వచ్చాడు’ అనాలి. ‘గింత’, ‘గట్ల’ అసలు తెలుగేనా? పల్లవికీ చరణానికీ పొంతన ఏది? చూస్తుంటే నాకు కోపం కంటే బాధే ఎక్కువ. తప్పు దొరికిందన్న సంబరంలో వాళ్లు పాట వినడమే మర్చిపోతున్నారు.

ఇది ఫోన్లతో వచ్చిన జబ్బు కాదు. 1656 ప్రాంతంలో కాకునూరి అప్పకవి ‘అప్పకవీయం’ రాశాడు. యతి ఎక్కడ పడాలి, ప్రాస ఎట్లా కుదరాలి, ఏ మాట గ్రామ్యం అని లెక్క తేల్చిన లక్షణ గ్రంథం అది. పాత పాలమూరు జిల్లా కేశంపేట దగ్గరి కాకునూరు ఆయన్ని తమవాడిగానే చెప్పుకుంటుంది. ఆయన పెట్టింది పద్యానికి కొలత. అదే కొలతను తర్వాతివాళ్లు నోటిపాటకు కూడా పట్టడంతో చిక్కు వచ్చింది. అంతకు చాలా ముందే పాల్కురికి సోమనాథుడు జాను తెనుగులో, అంటే జనం మాట్లాడే తేట తెలుగులో, ద్విపదలు (రెండేసి పాదాల పద్యాలు) కట్టాడు, అందరికీ అందాలనే.

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట కూడా ఒకప్పుడు వినపడింది. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’తో దానికి జవాబిచ్చారు. 354 మంది కవులు! ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయితే అందులోనూ పెద్దపీట పద్యానిదే. నాట్లేసే ఆడవాళ్ల పాట ఆ లెక్కకు బయటే ఉండిపోయింది.

ఆ పాట పొలంలో ఆగిపోలేదు. సాయుధ పోరాటం రోజుల్లో నల్లగొండ జిల్లా యాదగిరి కట్టిన పాటను తర్వాత ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడారు. దాని మొదటి మాటే చూడండి: ‘బండెనక’. బండి, వెనక ఒక్క ఊపులో కలిసిపోయి మధ్యలో ‘వ’ జారిపోయింది. వ్యాకరణం పట్టుకుని కూర్చునేవాడికి అది తప్పు. బండ్లు వరసగా కదులుతున్న చప్పుడు నాకు ఆ మాటలోనే వినిపిస్తుంది.

మా నాయనమ్మ బతుకమ్మ పాడుతుంటే పక్కనే నిలబడి చూసేవాణ్ని. మాట పొట్టిదైతే అచ్చును సాగదీసేది, పొడుగైతే ఒక అక్షరం మింగేది. చప్పట్టు పడే వేళకు ‘ఉయ్యాలో’ అందుకోవాలి, అదే ఆమె ఛందస్సు. ఒకసారి ఆ పాటను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఒక్క పాదమూ ఇంకోదానితో సమంగా లేదు. చుట్టూ తిరుగుతూ పాడినప్పుడు మాత్రం పదిమంది ఆడవాళ్లలో ఒక్కరి అడుగూ తడబడలేదు.

సినిమా చేసిన నష్టమూ తక్కువేం కాదు. ఏళ్ల తరబడి హీరోకు పుస్తకాల తెలుగు, రౌడీకో నవ్వించేవాడికో మన యాస. అట్లా పెరిగిన చెవికి యాస వినపడగానే తప్పు అనిపిస్తుంది. అదే పాలమూరు మాటలతో పాటలల్లిన గౌరారం గోరటి వెంకన్నకు ‘వల్లంకి తాళం’ కవితా సంపుటి మీద 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అయినా చెవులు ఇంకా పూర్తిగా మారలేదు.

పాటను విమర్శించొద్దని కాదు. ఆడపిల్లను చులకన చేసే బూతు పాటలు డీజేల్లో బోలెడు మోగుతున్నాయి, వాటిని గట్టిగానే నిలదీయాలి. అక్కడ అడిగేది పాట ఏం చెప్తోందని. ‘ఒచ్చిండు’ మీద గొడవ అట్లాంటిది కాదు.

మా చుట్టాల అబ్బాయి ఒకడు ఇట్లాంటి పాటే పాడి, తప్పులు ఎంచేవాళ్ల మాటలు పడలేక, రెండో పాటలో ‘వచ్చాడు’ అని మార్చి పాడాడు. మొన్న నల్లగొండలో పెళ్లి ఊరేగింపులో అది పెట్టారు. స్పీకర్‌లో ‘వచ్చాడు’ అని వస్తుంటే, మా అత్తలంతా చేతులు ఊపుకుంటూ ‘ఒచ్చిండు’ అనే పాడారు.