పాత వీడియో గేమ్ సెట్టు పారేసే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో, సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దగ్గర పాత వీడియో గేమ్ సెట్లు బాగుచేయడం నా పని. పండగ సెలవులు అయ్యాక అటక మీంచి దించిన డబ్బాలు వరస కడతాయి. వాటితోపాటు కొన్ని నమ్మకాలూ వస్తాయి. ఆ నమ్మకాల వల్లే బాగుపడే సెట్లు కూడా పాత సామాన్లవాడి బండెక్కుతున్నాయి. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: క్యాసెట్ ఆడకపోతే ఊదితే చాలు.

"అన్నా, చిన్నప్పుడు ఊదితే మంచిగ నడిచేది" అంటారు. నడిచిన మాట నిజమే. కానీ నడిపించింది ఊపిరి కాదు, తీసి మళ్లీ పెట్టడం. మొదటిసారి సరిగ్గా ఆనని పిన్నులు రెండోసారి ఆనేవి, అంతే. నోటి తడి మాత్రం పిన్నుల మీదే ఉండిపోతుంది, పోనుపోను చిలుము పడుతుంది. ఊదొద్దని ఇలాంటి క్యాసెట్ సెట్లు తయారుచేసిన నింటెండో కంపెనీయే చెప్పింది.

నేనైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూదిపుల్ల ముంచి పిన్నుల పొడవునా తుడుస్తాను. మొదటి పుల్ల నల్లగా వస్తుంది, రెండోది బూడిద రంగులో. పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడవాలి. పూర్తిగా ఆరాకే సెట్టులో పెట్టాలి. శానిటైజర్ వాడకండి, అందులో గ్లిజరిన్ లాంటివి ఉంటే పిన్నుల మీద జిడ్డు మిగిలిపోతుంది.

అపోహ: బాతుల్ని కాల్చే గన్ పాడైపోయింది.

చాలాసార్లు గన్‌కి ఏమీ కాదు, మారింది టీవీ. ఆ బాతుల ఆట పేరు డక్ హంట్, 1984 నాటిది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, వెంటనే బాతు ఉన్నచోట తెల్ల డబ్బా మెరుస్తుంది. గన్ మూతిలో ఉన్న సెన్సర్ ఆ వెలుగును పట్టుకుంటే బాతు పడ్డట్టు లెక్క. పిక్చర్ ట్యూబ్ టీవీ సిగ్నల్ అందగానే బొమ్మ గీసేస్తుంది. ఎల్‌ఈడీ టీవీ ఆ సిగ్నల్‌ని ముందు సరిచేసుకుని, తర్వాత చూపిస్తుంది. ఆ కాస్త ఆలస్యానికే గురి తప్పుతుంది. అందుకే ఇంట్లో డబ్బా టీవీ ఇంకా పనిచేస్తుంటే అమ్మొద్దని బతిమాలుతుంటాను.

అపోహ: 9999999 ఇన్ 1 క్యాసెట్‌లో అన్ని గేమ్స్ ఉంటాయి.

ఉండేవి కొన్నే. అవే గేమ్స్ వేరే స్టేజీ నుంచి మొదలవుతూ కొత్త పేర్లతో మళ్లీ మళ్లీ వస్తాయి. 90లలో మన దగ్గర ఆడిన చాలా సెట్లు, 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో వాళ్ల ఫ్యామికామ్ సెట్టుకి నకళ్లే. చిప్ నల్లటి ఎపాక్సీ (గట్టిపడిన జిగురు) బొట్టు కింద ఉండే నకలు సెట్లలో ఆ చిప్పే పోతే నేనూ చేయగలిగింది లేదు. వైరు తెగడం, స్విచ్ పట్టేయడం, కెపాసిటర్ ఉబ్బడం లాంటివైతే బాగవుతాయి.

అపోహ: ఈ పాత గేమ్స్ లాంటి గ్రాఫిక్స్ ఇప్పుడెవరికీ పట్టవు.

స్టార్‌డ్యూ వ్యాలీ 2016లో వచ్చింది. ఒక్క మనిషి తయారుచేసిన, పాతకాలపు పిక్సెల్ బొమ్మల గేమ్. 4 కోట్ల కాపీలు దాటింది.

అపోహ: డౌన్‌లోడ్ చేసి కొన్న గేమ్ ఎప్పటికీ మనదే.

దీని మీదే నాకు ఎక్కువ బెంగ. మీకు దక్కేది ఆడుకునే అనుమతి మాత్రమే. ఆ సంగతి కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియాలో చట్టమే చేశారు, 2025 నుంచి అమల్లో ఉంది. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లను దాన్ని తెచ్చిన యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ఆపేసింది. సర్వర్ లేకుండా ఆ గేమ్ నడవదు కాబట్టి డిస్క్ కొన్నవాళ్లకూ అది మూగబోయింది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేమ్స్‌లో 87 శాతం మార్కెట్లో దొరకడం లేదని, పాత గేమ్స్‌ని భద్రపరిచే వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అనే సంస్థ 2023లో తేల్చింది. అటక మీద దుమ్ము పట్టిన క్యాసెట్‌కి మాత్రం ఏ సర్వరూ అక్కర్లేదు.

కాబట్టి డిస్క్ కొనేముందు ఇంటర్నెట్ తప్పనిసరి అని అట్ట వెనక రాసి ఉందేమో చదవండి. సెకండ్ హ్యాండ్‌దైతే వెలుతురుకి పట్టి గీతలు చూడండి. షాపులోనే పెట్టించి, గేమ్ మొదలయ్యాకే డబ్బులివ్వండి.